కాకి వాలని పెరడు

బుల్లియ్యకి ఇల్లు కావలసి వచ్చింది. ఇల్లంటే మేడా కాదు, మిద్దే కాదు. ఒక గది, దానికో తలుపు, బయట చిన్న అరుగు, ఆ అరుగు మీద కుక్క ముడుచుకుని పడుకునేంత జాగా. రాజమండ్రి అంత ఊళ్ళో ఆపాటి దొరక్కపోతుందా అనుకుంటూ బస్సు దిగాడు మహానుభావుడు. దొరుకుతుంది, కుక్క లేకపోతే. కుక్క ఉన్నా దొరుకుతుంది, అడిగినంత అద్దె పారేస్తే. బుల్లియ్యకి కుక్క ఉంది, డబ్బు లేదు. తొంభై ఆరో సంవత్సరం సంక్రాంతి వెళ్ళిన దగ్గరనుంచి ఉగాది ముందు దాకా అతను చేసిన పని ఆ ఊరి వీధులు కొలవడమే.

అంతకుముందు ఎనిమిదేళ్ళు అతని బతుకంతా భీమవరం అవతల జీవరాజుగారి రొయ్యల చెరువుల గట్టు మీదే గడిచింది. మేత చల్లడం, నీళ్ళు చూసుకోవడం, కాపలా కాయడం. గట్టు మీదే తాటాకు పాక. భార్య సుబ్బాయమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ పాకలో పొయ్యి వేళకి వెలిగేది. నల్లగా, బక్కగా, చెవులు మాత్రం నిటారుగా ఉండే కుక్కపిల్లని ఎక్కడినుంచో పట్టుకొచ్చి గంజి పోసి పెంచింది కూడా ఆవిడే. చెరువులో ఉన్న టైగర్ రొయ్య పేరే జీవరాజుగారు దానికి పెట్టారు. సుబ్బాయమ్మ కామెర్లొచ్చి పోయింది. కూతురు రామలక్ష్మి అప్పటికే పెళ్ళయి తునిలో కాపరం చేసుకుంటోంది. ఇక పాకకి తిరిగొచ్చి "వచ్చానే" అనడానికి బుల్లియ్యకి ఆ కుక్క తప్ప ఇంకో ప్రాణి లేదు. పొద్దస్తమానం దానితోనే మాట్లాడేవాడు. ఎవరైనా నవ్వితే, "ఏంటండి నవ్వుతారు, మీరు మీ ఇంట్లోవాళ్ళతో మాట్లాడరా?" అని ఎదురడిగేవాడు.

గట్టు మీద టైగర్ చేసే ఉద్యోగం పిట్టల్ని తోలడం. కొంగ వచ్చినా, నీటికాకి వచ్చినా తరిమేది. అవి మహా అయితే నాలుగు రొయ్యల్ని మింగి పోతాయి. అసలు భయమంతా మామూలు కాకితోనే. తెగులు తగిలిన చెరువులో చచ్చిన రొయ్యని ముక్కున కరుచుకొచ్చి పక్క చెరువులో జారవిడిచిందంటే ఆ చెరువూ పోయినట్టే. అందుకని బుల్లియ్య ఆ కుక్కకి చిన్నప్పటినుంచీ ఒకటే నూరిపోశాడు. కాకి కంటబడితే వదలకూడదు. టైగర్ కూడా చెప్పిన మాట బుర్రకెక్కించుకుంది. దాని కళ్ళబడ్డ కాకి గట్టు మీదే కాదు, గట్టు పక్క తాడిచెట్టు మీద కూడా కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు.

అయినా తెగులు వచ్చింది. కాకి మోసుకొచ్చిందో, కాలవ నీళ్ళలో వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. వీపు మీద తెల్లమచ్చలతో రొయ్యలు గట్టు పొడవునా తేలిపోయాయి. ఆ ఏడాది భీమవరం చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలగలేదో చెప్పడం కష్టం. జీవరాజుగారు మంచి మనిషి, బుల్లియ్యని పిలిచి, "ఇంక నిన్ను పెట్టుకునే స్థితి నాకు లేదోయ్. రాజమండ్రిలో తాడితోట దగ్గర మనకి తెలిసిన షావుకారు ఉన్నాడు. బట్టల గోదాముకి పగటి కాపలా కావాలట. వెళ్ళు" అన్నారు. బుల్లియ్య మూట కట్టుకున్నాడు. టైగర్ మెడకి తాడు కట్టుకున్నాడు. గోదాము షావుకారు మనిషిని ఉంచుకున్నాడు గానీ కుక్కని లోపలికి రానివ్వనన్నాడు. ఖరీదు చీరల బేళ్ళ మీద కుక్క వెంట్రుక కనబడితే బేరం పోతుందని ఆయన బెంగ.

సరే, ఇల్లు వెతుక్కోవాలి.

ఇన్నీసుపేటలో ఒక ఇంటి ముందు 'టులెట్' బోర్డు చూసి గేటు తట్టాడు. కిటికీలోంచి ఇల్లాలు తొంగి చూసింది.

"ఎంతమంది?"

"నేనొక్కణ్ణేనండి."

"ఆడవాళ్ళు లేరా?"

"పోయిందండి."

"అయ్యో పాపం" అందావిడ. నిజంగానే అంది. అంతలో ఆవిడ చూపు బుల్లియ్య మోకాళ్ళ వెనక నిలబడ్డ నల్లటి ముఖం మీద పడింది. "అదేంటి? మీదేనా?"

"ఆయ్, నాదేనండి. ఎవర్నీ ఏమీ అనదండి."

"మేం సంసారులకే ఇస్తాం" అని కిటికీ రెక్క మూసేసింది. కుక్క ఉన్నవాడు సంసారి ఎందుకు కాడో ఆవిడ చెప్పలేదు, బుల్లియ్య అడగలేదు.

ఆర్యాపురంలో ఒక రిటైరైన పెద్దమనిషి దొరికాడు. కుక్కలంటే మహా ప్రేమట. టైగర్ తల నిమిరాడు, చెవులు పట్టుకు చూశాడు, "జాతి కుక్క కాదుగానీ తెలివైందిలే" అని సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. ఆఖర్న అద్దె చెప్పాడు. బుల్లియ్యకి కళ్ళు తిరిగాయి. ఇదేంటండీ ఇంత అంటే, "ఇద్దరున్నారు కదయ్యా!" అన్నాడు ఆ జంతుప్రేమికుడు.

సీతంపేటలో బుల్లియ్య ఒక వెధవ పని చేశాడు. కుక్క మాట ఎత్తకుండానే గది మాట్లాడుకున్నాడు. మంచిరోజు చూసి, టైగర్‌ని గోనెసంచిలో కూర్చోబెట్టి, రిక్షాలో పెట్టి తీసుకెళ్ళాడు. ఇంటివాళ్ళు చూస్తుండగానే కొత్త గిన్నెలో పాలు పొంగించాడు. అంతా సవ్యంగా జరిగింది అనుకునేలోపు పెరటిగోడ మీద కాకి అరిచింది. ఇంకేముంది, గోనెసంచి లేచి పరిగెత్తింది. ఆ ఇంటి ముసలాయన హడలిపోయి చాప మీద కూలబడ్డాడు. పొంగిన పాలు చల్లారకముందే బుల్లియ్య మళ్ళీ రోడ్డు మీద ఉన్నాడు.

ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి కూతురికి ఫోన్ చేస్తే రామలక్ష్మి గోల పెట్టింది. "నాన్నా, దాన్ని ఎవరికైనా ఇచ్చేసి మా ఇంటికొచ్చెయ్యి. లేదా వదిలెయ్యి. వీధికుక్కలు బతకట్లేదా ఏంటి?"

"అది వీధికుక్క కాదమ్మా. మీ అమ్మ పెంచింది."

"అమ్మ పెంచినదాన్ని నేను. నా మాట వినవుగానీ!" అని పెట్టేసింది. ఆ పిల్ల అన్నదాంట్లోనూ తప్పు లేదు. బుల్లియ్య బూత్ బయట నిలబడి టైగర్ ముఖం చూశాడు. ఇది లేకుండా తునిలో కూతురింట మూడు పూటలా వేడన్నం తినొచ్చు. తినగలడా? గొంతు దిగదు. ఆ సంగతి అతనికి అప్పుడే, అక్కడే తెలిసిపోయింది.

అప్పటిదాకా మనిషీ కుక్కా పడుకుంటున్నది గోదాము బయటి వరండాలో. షావుకారుకి అదీ కంటగింపైంది. "ఉగాది వెళ్ళేలోగా ఇల్లు చూసుకో. లేదంటే కుక్కని వదిలించుకో. రెండూ కుదరకపోతే పని మానుకో. గోదాము సత్రం కాదయ్యా" అన్నాడు. మాటలో కోపం లేదు, మార్చుకునే ఉద్దేశమూ లేదు.

గోదాము సందు మొదట్లో సంపూర్ణమ్మ అనే ఆవిడ పూలూ ఆకుకూరలూ అమ్మేది. రోజూ పొద్దున ధవళేశ్వరం నుంచి బుట్టతో బస్సెక్కి వచ్చి, మధ్యాహ్నానికి వెళ్ళిపోయేది. బుల్లియ్య తిరుగుడు చూసి చూసి ఆవిడకి విసుగొచ్చింది. "కాళ్ళరిగేలా ఈ ఊళ్ళోనే తిరుగుతావేంటి? మా ధవళేశ్వరం రా. మా పక్కింటి లక్ష్మీనరసమ్మగారి వెనకవాటా ఖాళీగా ఉంది. పెంకులు కారతాయి, అందుకే అద్దె తక్కువ. ఆవిడ నోరు మాత్రం..." అని చెయ్యి తిప్పి ఊరుకుంది.

లక్ష్మీనరసమ్మ ఇల్లు కాలవకి ఎదురుగా ఉంది. పాత పెంకుటిల్లు, చుట్టూ ప్రహరీగోడ, వెనక విశాలమైన పెరడు. భర్త పల్లంరాజుగారు ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరై, కిందటి వైశాఖంలో కాలం చేశారు. కొడుకు సత్యప్రసాద్‌కి కాకినాడలో ఎరువుల కొట్టు. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ బుల్లియ్య చెప్పిందంతా విన్నది. కుక్కని దాచలేదు అతను. సీతంపేట దెబ్బ గుర్తుంది.

"నాకు కుక్కలు పడవు" అందావిడ.

"ఆయ్, అలాగేనండి" అని బుల్లియ్య వెనక్కి తిరిగాడు. ఇలాంటివి ఎన్ని విన్నాడో.

"ఆగు, అప్పుడే పోతావేంటి! పడవు అన్నాను, ఇవ్వనన్నానా? నెల చూస్తాను. నా తులసికోట దగ్గరికి వచ్చిందా, వంటింటి గడపలో అడుగు పెట్టిందా, నువ్వూ అదీ ఇద్దరూ పోయి గోదాట్లో పడండి."

బుల్లియ్య ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఆ శుక్రవారమే పాలు పొంగించుకున్నాడు, ఈసారి దొంగతనంగా కాదు. టైగర్ పెరట్లో నాలుగు మూలలూ వాసన చూసుకుని అరుగెక్కి పడుకుంది.

నెల గడువన్నది మాటవరసకే మిగిలింది. ఎందుకంటే ఎండలు ముదిరాయి. ఎండలు ముదిరితే ధవళేశ్వరంలో ఆడవాళ్ళకి ఊపిరాడదు, వడియాలు పెట్టాలి. గుమ్మడి వడియాలు, మినప వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు. లక్ష్మీనరసమ్మ మొదటి రోజు చీర పరిచి వడియాలు పెట్టి, కాకుల కోసం కర్ర పట్టుకుని ఎండలో కాపలా కూర్చుంది. ఒక కునుకు తీసి కళ్ళు తెరిచేసరికి ఒక్క వడియమూ పోలేదు. టైగర్ చీర పక్కనే చెవులు నిక్కబొడుచుకుని ఆకాశం కేసి చూస్తూ కూర్చుని ఉంది. కాకి నీడ పడితే చాలు, గోడెక్కి మరీ తరిమేస్తోంది. అన్నట్టు వడియాలు ఒక్కటీ అది ముట్టలేదు. రొయ్యల మధ్య పెరిగిన కుక్కకి మినప్పిండి ఏమానుతుంది!

సాయంత్రం బుల్లియ్య గోదాము నుంచి వచ్చేసరికి ఆవిడ స్వయంగా టైగర్‌కి పెరుగన్నం కలుపుతోంది. "ఏమయ్యోయ్, ఈ కుక్కకి ఈ విద్య ఎవరు నేర్పారు? చెప్పవేం ముందే!" అని ఎదురు గద్దించింది. మర్నాటికి సంపూర్ణమ్మ కూడా తన వడియాల చీర తీసుకొచ్చి ఈ పెరట్లోనే పరిచింది. ఆ తర్వాత వీధిలో నలుగురైదుగురు చేరారు. చైత్రమాసం వెళ్ళేసరికి ఆ పెరటి మీదుగా ఎగరడం కూడా కాకులు మానేశాయి. రోడ్డు దాటి కాలవగట్టు మీదున్న చెట్లకి మకాం మార్చుకున్నాయి. "ఈ ఏడు మా వడియాలకి కాకెంగిలి లేదమ్మా" అని ఆడవాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. బుల్లియ్యకి ఛాతీ పొంగేది. మళ్ళీ ఒక చోట తనకీ కుక్కకీ పని ఉంది, పేరుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఆ వడియాల దగ్గరే అతని చెవిన ఇంకో సంగతి పడింది. లక్ష్మీనరసమ్మకి ఒక కూతురు ఉంది, నాగశ్రీ. ఆసుపత్రిలో పనిచేసే వేరే కులం అబ్బాయిని చేసుకుంది. ఉండేది ఎక్కడో కాదు, రాజమండ్రిలోనే, మోరంపూడి దగ్గర. బస్సెక్కితే ఎంతసేపు! కానీ అన్నగారు సత్యప్రసాద్, చెల్లెలు గడప తొక్కితే తను తొక్కనని పట్టుబట్టాడు. పల్లంరాజుగారు పోయిన రోజు కూడా ఆ పిల్ల గేటు బయట రోడ్డు మీద నిలబడి తండ్రిని తీసుకెళ్తుంటే చూసి వెళ్ళిపోయిందట. లక్ష్మీనరసమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తదు. సంపూర్ణమ్మ చెబుతుంటే మాత్రం వడియాలు వేసే చెయ్యి ఆగిపోయేది.

వైశాఖంలో పల్లంరాజుగారి సంవత్సరీకం వచ్చింది. ముందురోజు లక్ష్మీనరసమ్మ బుల్లియ్యతో, "రేపు గోదాముకి సెలవు పెట్టు. నీళ్ళూ అవీ అందించడానికి మనిషి కావాలి. బంధువులొస్తారు, టైగర్‌ని గదిలో కట్టెయ్యి. ఎవర్నైనా కరిస్తే నా పరువు పోతుంది" అంది. బుల్లియ్య పొద్దున్నే కట్టేశాడు. బంధువుల పిక్కల గురించి ఇద్దరూ ఆలోచించారు. ఇంకేదీ ఇద్దరికీ తట్టలేదు.

పురోహితుడు వచ్చాడు, తంతు అయింది. పల్లంరాజుగారికి ఇష్టమైనవన్నీ అరిటాకులో వడ్డించారు. గారెలు, పులిహోర, కంద బచ్చలి కూర, పరమాన్నం. సత్యప్రసాద్ తడిపంచెతో ఆ ఆకు తీసుకెళ్ళి పెరటిగోడ మీద పెట్టాడు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టాకే ఇంట్లో వాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చోవాలి. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. "కా కా" అని పిలిచారు. ఎండ నెత్తికెక్కుతోంది. ఒక్క కాకి లేదు. ఆకాశం తుడిచిపెట్టినట్టు ఉంది.

నీళ్ళ బిందె దింపుతూ బుల్లియ్య గోడ కేసి చూశాడు. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. ఈ పెరట్లోకి కాకి ఎక్కడినుంచి వస్తుంది! తన కుక్కే కదా రెండు నెలలుగా తరిమి తరిమి ఇవతలికి రాకుండా చేసింది! కుక్కని ఇవాళ కట్టేస్తే ఏం లాభం, కాకులకి ఆ సంగతి తెలియదుగా. ఇది బయటపడిందంటే సత్యప్రసాద్ సాయంత్రందాకా కూడా ఆగడు. మూట, తాడు, మళ్ళీ ఆ వీధులు.

ఈలోగా బంధువుల్లో గుసగుసలు మొదలయ్యాయి. పెద్దాయన అలిగాడు. మనసులో ఏదో ఉండిపోయింది. ఎవరో చుట్ట తెచ్చి ఆకులో పెట్టారు. రాలేదు. ఇంకెవరో గ్లాసుడు కాఫీ పెట్టారు. రాలేదు. సంపూర్ణమ్మ ఉండబట్టలేక, "అసలీ పెరట్లో కాకులెక్కడ..." అని మొదలుపెట్టేసరికి లక్ష్మీనరసమ్మ, "సంపూర్ణం! లోపల పరమాన్నం అడుగంటుతోందేమో చూడు" అని కసిరింది. పరమాన్నం ఎప్పుడో దింపేశారు. అయినా సంపూర్ణమ్మ లోపలికి పోయింది.

పోయినాయన మీద లేనిపోని నింద పడుతోంది. ముసలీ ముతకా ఆకలితో నిలబడి ఉన్నారు. ఇల్లు పోతే పోయింది, చెప్పేద్దాం అనుకున్నాడు బుల్లియ్య. సత్యప్రసాద్ దగ్గరికి వెళ్ళి, "బాబుగారండీ, ఒక్క మాటండి..." అన్నాడు.

"బుల్లియ్యా, మంచినీళ్ళు!" లక్ష్మీనరసమ్మ గొంతు ఖంగుమంది. చెంబుతో దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చెంబు అందుకుంటూ చెవి దగ్గర చెప్పింది. "భోజనాలయ్యేదాకా నీ నోట్లోంచి మాట రాకూడదు. వచ్చిందా, ఇల్లు ఖాళీ."

బుల్లియ్యకి ఏమీ బోధపడలేదు. తద్దినం మధ్యలో పైవాడు అడ్డొచ్చాడని కోపమొచ్చిందేమో అనుకుని నోరు మూసుకున్నాడు.

ఇక సత్యప్రసాద్ మొక్కడం మొదలుపెట్టాడు. "నాన్నా, రేవు దగ్గర అన్నదానం చేయిస్తాను." కాకి రాలేదు. "కొట్టుకి నీ పేరు పెడతాను." రాలేదు. "అమ్మ దగ్గరికి నెలనెలా వస్తాను." ఆ మాటకి బంధువులు కూడా తలలూపారు. అయినా రాలేదు. తడిపంచె ఒంటి మీదే ఆరిపోయింది. పాపం, చెమటలు కారుతూ తల్లి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా, ఏం కావాలో!"

"నేనేం చెప్తాను నాయనా? కొడుకువి, ఆయన మనసులో ఏముందో నీకు తెలియకపోతే నాకు తెలుస్తుందా?" అంది లక్ష్మీనరసమ్మ. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

సత్యప్రసాద్ తలొంచుకున్నాడు. తెలుసు. అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. గోడకి దణ్ణం పెట్టి, అందరికీ వినబడీ వినబడని గొంతుతో, "సరే నాన్నా. చెల్లెల్ని పిలుస్తాను. ఇవాళే నేనే వెళ్ళి తీసుకొస్తాను. ఇంక ఎప్పుడూ అడ్డు చెప్పను" అన్నాడు. చెప్పడం పూర్తవకుండానే ఏడుపొచ్చేసింది. అంత మనిషి పసిపిల్లాడిలా వెక్కాడు.

అందరూ గోడ కేసి చూశారు. కాకి అప్పటికీ రాలేదు. దానికేం తెలుసు వీళ్ళ గొడవ! సత్యప్రసాద్ ముఖం పాలిపోయింది.

లక్ష్మీనరసమ్మ ముందుకొచ్చి ఆకు రెండు చేతులా ఎత్తింది. "మాట ఇచ్చావు కదా, ఇంక పద. ఆయన రోజూ సాయంత్రం కూర్చునేది కాలవగట్టు మీద. ఈ గోడ మీద ఆయన కూర్చున్నదెప్పుడు! అక్కడ పెడదాం" అంది. అందరూ ఆవిడ వెంట రోడ్డు దాటారు. ఆకు గట్టు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశారో లేదో, పైన చెట్లలోంచి కాకులు దబదబా దిగాయి. ఒకటి కాదు, రెండు కాదు, ఆకు కనబడలేదు. "ముట్టింది, ముట్టింది! చూశావా, ఆ మాట కోసమే ఆగాడు మహానుభావుడు" అని పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. సత్యప్రసాద్ గట్టు మీద సాష్టాంగపడ్డాడు.

భోజనం ముందు కూర్చున్నాడే గానీ అతను నాలుగు మెతుకులు కతికి లేచిపోయాడు. స్కూటర్ తీసుకుని మోరంపూడి వెళ్ళాడు. సాయంత్రానికి వెనక రిక్షాలో నాగశ్రీ, ఆమె ఇద్దరు పిల్లలు దిగారు. నాగశ్రీ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. కాళ్ళు అలవాటు కొద్దీ ఆగిపోయాయి. సత్యప్రసాద్ స్కూటర్ స్టాండ్ వేసి వచ్చి, పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని, "రావే. లోపలికి రా" అన్నాడు. లక్ష్మీనరసమ్మ ఎదురు వెళ్ళలేదు. వరండా స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. కూతురే పరిగెత్తుకొచ్చి ఆవిడ మీద పడింది. బుల్లియ్య అంతవరకే చూడగలిగి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

చీకటి పడుతుండగా బంధువులు వెళ్ళిపోయారు. లక్ష్మీనరసమ్మ చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వచ్చింది. బుల్లియ్య అప్పటికే మూట కట్టి అరుగు మీద పెట్టుకున్నాడు.

"అమ్మగారండీ, భోజనాలయ్యేదాకా మాట్లాడొద్దన్నారు. అయిపోయాయి కదండి, చెప్పేస్తానండి. పెద్దాయన అలగలేదండి. మా టైగర్ వల్ల ఈ పెరట్లో కాకి వాలక రెండు నెలలైందండి. అందుకే రాలేదండి. నాకు ముందే తట్టాల్సింది, తట్టలేదు. మీరు కోప్పడకండి, నేను ఖాళీ చేసేస్తానండి."

"నాకు తెలియదనుకున్నావా? వడియాలు ఎండబెట్టుకుంది నేను కాదూ? ఆకు గోడ మీద పెట్టగానే నాకూ తట్టింది."

"మరి చెప్పలేదేంటండి?"

లక్ష్మీనరసమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "కాకి రాకపోతే పోయినవాళ్ళు అలిగారంటారు. ఈ ఇంట్లో అలిగింది నేను, బుల్లియ్యా. ఏడాదిగా అలిగే ఉన్నాను. వాడు తెచ్చిన చీర కట్టలేదు. ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేశాను. అమ్మ ఎందుకిలా ఉందని ఒక్కనాడు అడిగాడా? పోయినాయన అలక తీర్చడానికి చుట్టలు పెట్టారు, కాఫీలు పెట్టారు, ఎండలో నిలబడి ఏడ్చారు. బతికున్నదాని అలక ఎవరికి కనబడింది చెప్పు?"

లోపలినుంచి నాగశ్రీ, "అమ్మా, ఉప్పెక్కడ పెట్టావే?" అని అడుగుతోంది. ఆవిడ ఆ పిలుపు ఇంకోసారి వినబడేదాకా కదలకుండా నిలబడింది.

"ఆ మూట విప్పుకో. పొద్దుట్నుంచీ కట్టేసి ఉంచావు, ముందు ఆ కుక్కకి ఇంత అన్నం పెట్టు" అని లోపలికి నడిచింది.

బుల్లియ్య గది తలుపు తీశాడు. "వచ్చానే" అన్నాడు.